చిన్న పిస్టల్ కాదు, చిన్న తూటా

(టార్గెట్ షూటింగ్‌లోకి కొత్తగా అడుగుపెడుతున్నవారి కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డు విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా వక్త మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. ముందు వరుసల్లో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవారు మొహమాటపడకుండా ముందుకు రండి. బల్ల మీద పిస్టల్ ఏదీ లేదేమిటని కొందరు వెతుకుతున్నారు. కావాలనే పెట్టలేదు. పెట్టానంటే ఈ గంటసేపూ మీ చూపు దాని మీదే ఉంటుంది, నా మాట ఒక్కటీ చెవికెక్కదు.

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. మొదటి పిస్టల్ ఏది కొనమంటారు? నిజం చెప్పాలంటే, అడిగేవారిలో చాలామంది అప్పటికే మనసులో ఒకటి అనుకుని ఉంటారు. నా చేత అవుననిపించుకోవడానికి వస్తారు. ఆ అనుకున్నది కూడా సాధారణంగా రెండే రకాలు. ఒకటి, పెద్ద తూటా పేల్చే పెద్ద పిస్టల్. రెండోది, 'నేను కొత్తవాణ్ణి కదా, చిన్నదానితో మొదలుపెడతాను' అని జేబులో పట్టేంత బుల్లి పిస్టల్. నవ్వుతున్నారు కదా? నవ్వినవారిలో ఎవరు ఏది అనుకుని వచ్చారో నాకు తెలుస్తూనే ఉంది. నేను చెప్పేది ఈ రెండూ కాదు. పిస్టల్ పెద్దదిగా ఉండాలి, తూటా చిన్నదిగా ఉండాలి. మళ్లీ చెబుతున్నాను, పిస్టల్ పెద్దది, తూటా చిన్నది. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ఒక హద్దు ముందే గీసుకుందాం. మనం మాట్లాడుకునేది కాగితం మీద గురి చూసి కాల్చే సరదా షూటింగ్ గురించి. ఆత్మరక్షణ గురించి కాదు. 'రెండింటికీ పనికొచ్చేది చెప్పండి' అంటారు. రెండింటికీ ఒకటే కొనాలని వెతికేవారి చేతికి చివరికి దక్కేది తేలికైన, పొట్టి, గట్టిగా తన్నే పిస్టల్. నేర్చుకోవడానికి అంతకన్నా కష్టమైన సాధనం ఉండదు. కాబట్టి ఆ రెండో అవసరాన్ని ఈ పూటకు పక్కన పెట్టండి.

ఇంకొకటి, చట్టం. ఏ పిస్టల్ అన్నది తరవాత, అసలు మీరుండే చోట పిస్టల్ ఉంచుకోవచ్చా అన్నది ముందు. లైసెన్సు ఎలా ఇస్తారు, ఏ తూటాకు అనుమతి ఉంది, ఇంట్లో ఉంచుకోవచ్చా లేక క్లబ్బులోనే భద్రపరచాలా, ఇవన్నీ దేశానికో రకం. గ్రేట్ బ్రిటన్‌నే తీసుకోండి. 1997లో చేసిన రెండు చట్టాలతో అక్కడ మామూలు పౌరుల చేతిలో పిస్టళ్లు దాదాపు లేకుండా పోయాయి. మొదటి చట్టం .22 అనే చిన్న తూటా పేల్చే పిస్టళ్లను వదిలిపెట్టింది, అదే ఏడాది వచ్చిన రెండో చట్టం వాటినీ కలిపేసింది. 2012లో లండన్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు పిస్టల్ పోటీల కోసం ప్రత్యేక అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది. అందుకని పిస్టల్‌కు బయానా ఇచ్చి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోకండి. ముందు నిబంధనలు చదవండి, తరవాతే అంగడికి వెళ్లండి.

సరే, అసలు విషయానికి వద్దాం. పిస్టల్ నేర్చుకునేవారికి అసలు శత్రువు ఎవరు? చేయి వణకడమా? కాదు. అందరి చేయీ వణుకుతుంది. ఒలింపిక్ పతకం గెలిచినవారి చేయీ కదులుతూనే ఉంటుంది, ఆ కదలిక చిన్నదిగా ఉంటుంది, అంతే తేడా. చూపు మందగించడమా? అదీ కాదు. అసలు శత్రువు ఉలికిపాటు. శబ్దం వస్తుంది, చేతిని తన్నుతుంది అని శరీరానికి ముందే తెలుసు. తెలుసు కాబట్టి ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే దాన్ని అణచడానికి చేయి కిందికి తోస్తుంది. మీరు తోయాలనుకోరు. అది తోస్తుంది.

నమ్మకం కుదరడం లేదా? ఒక పరీక్ష చెబుతాను, కోచ్‌లందరూ చేయించేదే. మ్యాగజైన్, అంటే పిస్టల్‌లో తూటాలు పేర్చే డబ్బా, మీరు నింపుకోకండి, పక్కవారి చేత నింపించండి. అసలు తూటాల మధ్య ఎక్కడో ఒక డమ్మీ తూటా, అంటే మందు లేని ఉత్తది, పెట్టమనండి. అది ఎన్నోదో మీకు తెలియకూడదు. లైన్ మీద నిలబడ్డారు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కారు, టిక్కుమని ఊరుకుంది. ఆ క్షణంలో పిస్టల్ మూతి ఏం చేస్తుందో చూడండి. పేలనే లేదు కాబట్టి అది కదలడానికి కారణమే లేదు. కానీ ముక్కు కిందికి వంగుతుంది, రెండు వేళ్ల మందం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మణికట్టు బిగుసుకుని ఉంటుంది, భుజం ముందుకు వచ్చి ఉంటుంది, కళ్లు మూతపడి ఉంటాయి. పక్కన నిలబడి చూసేవారికి అంతా కనిపిస్తుంది, కాల్చినవారికి మాత్రం ఆశ్చర్యం. 'నేనేనా?' అంటారు. మీరే. పేలిన ప్రతి తూటాకూ మీరు అదే చేస్తున్నారు, కానీ ఆ తన్ను వచ్చి మీ తప్పును కప్పేస్తోంది.

ఇక్కడొక సంగతి గమనించండి. బుల్లెట్ అంటే తూటా మొత్తం కాదు, దాని ముందు నుంచి ఎగిరిపోయే ముక్క. ట్రిగ్గర్ విడిచాక ఆ బుల్లెట్ బ్యారెల్, అంటే పిస్టల్ గొట్టం, దాటి పోవడానికి పట్టేది సెకనులో కొన్ని వేల వంతులే. పిస్టల్ పైకి ఎగరడం మీకు కనిపించేసరికి బుల్లెట్ వెళ్లిపోయి ఉంటుంది. అంటే గురి తప్పించేది ఆ తన్ను కాదు. తన్నుతుందేమోనన్న ముందస్తు భయం. ఈ భయం ఎంత తక్కువగా ఉంటే మీరు అంత త్వరగా నేర్చుకుంటారు. మొదటి పిస్టల్ ఎంపికలో నాకు తెలిసిన కొలమానం ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

అందుకే .22. పూర్తి పేరు .22 లాంగ్ రైఫిల్. పేరులో రైఫిల్ అని ఉన్నా పిస్టళ్లలోనూ వాడతారు, కంగారుపడకండి. 1887 నాటి తూటా ఇది, ఇప్పటికీ దీన్ని దాటినది లేదు. దీని బుల్లెట్ బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. పక్కన 9 మిల్లీమీటర్ల తూటాను పెట్టండి, 1902 నుంచి ఉన్నది, సైన్యాలూ పోలీసులూ వాడేది. దాని బుల్లెట్ 115 నుంచి 124 గ్రెయిన్లు, ఏడున్నర నుంచి ఎనిమిది గ్రాములు, వేగం కూడా కొంచెం ఎక్కువే. ఒకే బరువున్న పిస్టళ్లలో ఈ రెండింటినీ కాలిస్తే 9 మిల్లీమీటర్లది చేతిని మూడు రెట్లకు పైగా తోస్తుంది. మూడు రెట్లు! పైగా శబ్దం ఎక్కువ, మూతి దగ్గర మంట ఎక్కువ, తూటా ఖరీదు కూడా ఎక్కువ. పిస్టల్ ఒకసారే కొంటాం, తూటాలు కొంటూనే ఉంటాం. తూటా ఖరీదైతే ఏమవుతుంది? చేయి వెనక్కి తీస్తాం. సాధన చేయాల్సిన చోట లెక్కలు వేసుకుంటాం.

'9 మిల్లీమీటర్లే కొంటాను, మెల్లగా అలవాటైపోతుంది' అని వాదించేవారు ఉంటారు. ఇక్కడా ఉన్నారు, తల ఊపుతున్నారు. అయ్యా, అలవాటవుతుంది, నిజమే. కానీ ఏది అలవాటవుతుంది? శరీరం గట్టి తన్నుకు అలవాటుపడే లోపు ఉలికిపాటును కూడా అలవాటు చేసుకుంటుంది. అది ఒకసారి వేళ్లూనుకుంటే వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. గట్టి తూటాతో మొదలుపెట్టి బాగా నేర్చుకున్నవారు లేరని అనను. ఉన్నారు. వారి పక్కన ఓపికగల కోచ్ ఉన్నాడు, చేతినిండా తూటాలున్నాయి. మీకు ఆ రెండూ ఉంటే నా మాట వినక్కర్లేదు.

.22కు లోపాలు లేవా? ఉన్నాయి. దీనిలో నిప్పు పుట్టించే మందు తూటా అడుగున మధ్యలో కాకుండా అంచు చుట్టూ ఉంటుంది. ఆ అంచులో మందు సమంగా పరుచుకోకపోతే ఒక్కోసారి పేలదు. మిగతా తూటాలతో పోలిస్తే ఇలా ఊరుకునేవి ఇందులో కాస్త ఎక్కువ. ఊరుకుంటే ఏం చేయాలి? పిస్టల్‌ను అలాగే టార్గెట్ వైపే పట్టుకుని నిలబడండి. ముప్పై సెకన్లు. తిప్పి మూతిలోకి చూడకండి, పక్కవారికి చూపించకండి. ఆలస్యంగా పేలే అవకాశం తక్కువే, కానీ ఉంది. ఇంకో రకం ఉంది, అది మరీ ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కితే మామూలు శబ్దం రాకుండా తుస్సుమని చిన్న శబ్దం వస్తుంది. వెంటనే ఆపేయాలి. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. రేంజ్‌లో, అంటే మనం కాల్చే ఆవరణలో, ఉన్న అధికారిని పిలవండి. ఇలాంటప్పుడు సొంత తెలివి వద్దు.

.22 పిస్టల్‌కు ఇంకో గుణం ఉంది, తిండి విషయంలో మహా పేచీ. ఒక కంపెనీ తూటాలు నున్నగా నడుస్తాయి, ఇంకో కంపెనీవి మాటిమాటికీ ఇరుక్కుంటాయి. అదే మోడల్, పక్కవారి చేతిలో దీనికి తలకిందులు. కొత్త పిస్టల్ తెచ్చుకోగానే ఒకే రకం పెట్టెలు బోలెడు కొనేయకండి. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె కొనండి, ఏది ఇరుక్కోకుండా నడుస్తోందో, ఏది కాగితం మీద దగ్గర దగ్గరగా పడుతోందో చూడండి. టార్గెట్ పిస్టళ్లకు చాలావరకు ధ్వని వేగానికి లోపలే ఉండే మామూలు వేగం తూటాలు బాగా కుదురుతాయి. పెట్టె మీద 'హై వెలాసిటీ' అని పెద్ద అక్షరాలుంటే అది మంచిదని కాదు, వేగమైనదని మాత్రమే.

ఇప్పుడు రెండో సగం. తూటా చిన్నది సరే, పిస్టల్ పెద్దదెందుకు? ముందు బరువు. బరువైన పిస్టల్‌ను అదే తూటా తక్కువగా కదిలిస్తుంది. అది తెలిసిన విషయమే, వదిలేద్దాం. తక్కువమందికి తెలిసినది సైట్ల మధ్య దూరం. సైట్లంటే గురి చూసుకోవడానికి పిస్టల్ పైన ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తులు. వెనక సైట్‌లో ఒక గాడి ఉంటుంది, ముందు సైట్‌గా ఒక దిమ్మ ఉంటుంది. ఆ గాడి మధ్యలో ఆ దిమ్మ, రెండు వైపులా సమానంగా వెలుతురు, పైన అంచులు సమానం. గురి అంటే ఇంతే. ఇప్పుడు ఆ ముందు దిమ్మ పక్కకు ఒక్క మిల్లీమీటరు తప్పిందనుకోండి. సైట్ల మధ్య 125 మిల్లీమీటర్ల దూరమున్న బుల్లి పిస్టల్‌తో 25 మీటర్ల టార్గెట్ మీద ఆ తప్పు ఎంతవుతుంది? 200 మిల్లీమీటర్లు. సైట్ల మధ్య 220 మిల్లీమీటర్లున్న టార్గెట్ పిస్టల్‌తో? సుమారు 114. చేసిన తప్పు అదే, చెల్లించిన మూల్యం దాదాపు సగం. నిదానంగా గురి చూసి కాల్చే 25 మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు మాత్రమేనని గుర్తుపెట్టుకుని ఈ లెక్క మళ్లీ చూసుకోండి. ఈ 220 నేను ఊహించి చెప్పినది కాదు, అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య 25 మీటర్ల .22 పిస్టల్ పోటీల్లో ఒప్పుకునే గరిష్ఠ దూరం అది. పోటీ చేసేవారు ఆ హద్దు దాకా ఎందుకు వెళతారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. సైట్లు ఒకదానితో ఒకటి సరిగ్గా ఉండి, చేయి మొత్తం ఒక అయిదు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే? టార్గెట్ మీద కూడా అయిదు మిల్లీమీటర్లే తప్పుతుంది. దూరంతో అది పెరగదు. సైట్ల మధ్య వచ్చిన వంకర దూరంతో పెరుగుతుంది, చేయి ఊగడం పెరగదు. అందుకే కోచ్ 'టార్గెట్ మసకగా కనిపించినా ఫరవాలేదు, చూపు ముందు సైట్ మీదే ఉంచు' అని చెవిలో జోరీగలా పోరుతాడు. చేయి ఊగుతోందని భయపడి, మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను టక్కున లాగేస్తారు చూడండి, అక్కడే వంకర పుడుతుంది.

ట్రిగ్గర్ మాట వచ్చింది కాబట్టి, నన్నడిగితే పిస్టల్ మొత్తంలో డబ్బు పెట్టాల్సిన చోటు అదే. బరువు లెక్క చూడండి. పోలీసులు వాడే తరహా ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టల్ ఖాళీగా 700 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దాని ట్రిగ్గర్ విడవడానికి రెండున్నర కిలోల ఒత్తిడి కావాలి. అంటే చేతిలో ఉన్న వస్తువు బరువుకు మూడు రెట్లకు పైగా ఒత్తిడిని ఒక్క వేలితో పెడుతూ, ఆ వస్తువు కదలకూడదని ఆశిస్తున్నారు. కదలదా? .22 టార్గెట్ పిస్టల్ బరువు కిలో చుట్టుపక్కల, పోటీ నిబంధనల ప్రకారం దాని ట్రిగ్గర్‌కు కనీసం ఒక కిలో. ఒకటికి ఒకటి. గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ పిస్టల్‌కైతే కనీసం 500 గ్రాములు. కానీ మొదటిరోజే తేలికైన ట్రిగ్గర్ కోసం వెంపర్లాడకండి. మరీ తేలికైతే కొత్త చేతిలో అనుకోకుండా విడిచే ప్రమాదముంది. బరువు కన్నా తీరు ముఖ్యం. మొదట కాస్త వదులు ఉంటుంది, తరవాత ఒక గోడ తగులుతుంది, ఆ గోడ దగ్గర పాకకుండా, గరగరమనకుండా, ఒక్కసారిగా గాజుపుల్ల విరిగినట్టు విడవాలి. రెండు కిలోల ట్రిగ్గర్ కూడా ఇలా శుభ్రంగా విడిస్తే హాయిగా ఉంటుంది. కిలో ట్రిగ్గర్ ఇసుకలో లాగినట్టుంటే చిరాకు పుట్టిస్తుంది.

పట్టు సంగతి. ఇది చెబితే వినేది కాదు, చేస్తే తెలిసేది. అంగట్లో పిస్టల్ చేతికిచ్చే ముందు అమ్మేవారు తెరిచి ఖాళీగా ఉందని చూపించాలి. చూపించకపోతే మీరు అడగండి. మీ చేతికి వచ్చాక మీరు మళ్లీ చూసుకోండి. ఇప్పుడే చూశారు కదా అని మొహమాటపడకండి, ఈ ఆటలో మొహమాటానికి చోటు లేదు. మూతి మనుషుల వైపు లేకుండా, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి పైభాగానికి బాగా ఆనిందా? బ్యారెల్ మీ ముంజేతితో ఒకే గీతలో ఉందా, లేక పిడి లావై పక్కకు తిరిగిందా? చూపుడువేలి మొదటి కణుపు మెత్త భాగం ట్రిగ్గర్ మీదకు తేలికగా వస్తోందా? వేలు చాలక కొస మాత్రమే తగులుతుంటే, లేదా రెండో కణుపు దాకా లోపలికి పోతుంటే, అది మీ పిస్టల్ కాదు. ఇక ఆఖరిగా, భద్రమైన దిశ చూసుకుని కళ్లు మూసుకోండి, చేయి లేపండి, కళ్లు తెరవండి. సైట్లు వాటంతట అవే దాదాపు సరిపోయి కనిపిస్తే అది మీ చేతికి కుదిరినట్టే. చెప్పులైనా కాలు పెట్టి చూడకుండా కొనం కదా, పిస్టల్‌ను బొమ్మ చూసి కొంటామా?

ఎడమచేతివాటం వారు ఎందరున్నారు? ఇద్దరు, ముగ్గురు. మీకు ఒక హెచ్చరిక. అరచేతికి అచ్చుగా చెక్కిన టార్గెట్ పిడులు కుడివేరు, ఎడమవేరు. ఎడమచేతివి విడిగా అడిగి తెప్పించుకోవాల్సి ఉంటుంది. కుడిచేయి వాటమైనా ఎడమ కన్ను బలంగా ఉండేవారు కూడా ఉంటారు. వారు భయపడనక్కర్లేదు, రైఫిల్‌లో అది పెద్ద చిక్కు కానీ పిస్టల్‌లో తల కొంచెం తిప్పితే సరిపోతుంది. చేయి మార్చనక్కర్లేదు. మార్చి గెలిచినవారూ లేకపోలేదు. హంగేరీకి చెందిన కారోలీ టకాక్స్ కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి పాడైపోయింది. ఆయన ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948 లండన్‌లో, మళ్లీ 1952 హెల్సింకీలో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో, అంటే వేగంగా కాల్చే పోటీలో, స్వర్ణం గెలిచారు. అది ఆయన పట్టుదల. మీకు అలాంటి అవసరం లేనప్పుడు ఉన్న చేత్తోనే కాల్చుకోండి.

సెమీ ఆటోమేటిక్‌నా, రివాల్వరా? మొదటిదానిలో ఒకటి పేలగానే తరవాతి తూటా దానంతట అదే ఎక్కుతుంది, రెండోదానిలో తూటాలు సిలిండర్ అనే తిరిగే చక్రంలోని అరల్లో ఉంటాయి. దీని మీద రాత్రి తెల్లవారేదాకా వాదించుకునేవారున్నారు. నేను రెండు మాటల్లో ముగిస్తాను. సెమీ ఆటోమేటిక్ టార్గెట్ పిస్టల్‌కు ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, సైట్ల దూరం బాగుంటుంది, అందుకే నా మొగ్గు అటు. రివాల్వర్‌లో నచ్చే గుణం, సిలిండర్ తెరిస్తే ఖాళీగా ఉందో లేదో అందరికీ కనిపిస్తుంది. సెమీ ఆటోమేటిక్ పైనుండే స్లైడ్‌ను వెనక్కి లాగడానికి వేళ్లలో బలం చాలనివారికి రివాల్వర్ వరం. హ్యామర్‌ను, అంటే వెనకనుండే సుత్తి లాంటి భాగాన్ని, ముందే వెనక్కి లాగి కాలిస్తే దాని ట్రిగ్గర్ చాలా తేలిక, లాగకుండా కాలిస్తే నాలుగున్నర, అయిదు కిలోల దాకా పోతుంది. పైగా ఇందాకటి డమ్మీ పరీక్ష రివాల్వర్‌తో ఒంటరిగానే చేసుకోవచ్చు. కొన్ని అరలు ఖాళీగా వదిలి, చూడకుండా సిలిండర్ తిప్పి మూయండి, సరిపోతుంది.

పేర్లు చెప్పమని వెనకనుంచి చీటీ పంపారు. చెబుతాను, కానీ నేను ఎవరికీ అమ్మకపుదారుణ్ణి కాను. రూగర్ కంపెనీ మొదలైందే 1949లో తెచ్చిన .22 పిస్టల్‌తో. ఆ వంశంలో ఇప్పుడున్నది 2016లో వచ్చిన మార్క్ ఫోర్. పాతవాటిని శుభ్రం చేయడానికి విప్పితే తిరిగి బిగించడానికి తలప్రాణం తోకకు వచ్చేది. మార్క్ ఫోర్‌లో వెనక ఒక బొత్తాం నొక్కితే విడిపోతుంది. ఇది చిన్న సంగతి కాదు, విప్పడం కష్టమైతే మనం శుభ్రం చేయడం మానేస్తాం, .22 ఏమో మసి ఎక్కువ చేస్తుంది. బ్రౌనింగ్ బక్ మార్క్ 1985 నుంచి ఉంది, ట్రిగ్గర్ మంచిదని పేరు. స్మిత్ అండ్ వెస్సన్ వారి మోడల్ 41 అయితే 1957 నాటి నుంచి పోటీల్లో నిలబడింది, కానీ ఖరీదైనది, మొదటి పిస్టల్‌గా అవసరం లేదు. పార్దీనీ, మోరీనీ, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటివి మీరు పోటీల్లోకి దిగుదామనుకున్నప్పటి సంగతి. మీ దగ్గర 9 మిల్లీమీటర్ల పిస్టల్ ఇప్పటికే ఉందా? కొన్ని మోడళ్లకు .22 మార్పిడి కిట్లు దొరుకుతాయి. సీజెడ్ 75కు అలాంటిది ఉంది. ఫ్రేమూ పట్టూ అవే, తూటా మాత్రం చిన్నది.

ఎయిర్ పిస్టల్‌ను మరిచిపోకూడదు. చాలామంది దాన్ని పిల్లల బొమ్మలా చూస్తారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది మార్కుల వలయం వ్యాసం ఎంతో తెలుసా? 11.5 మిల్లీమీటర్లు. చొక్కా బొత్తాం అంత. పోటీలో అలాంటివి అరవై, ఒంటిచేత్తో, 75 నిమిషాల్లో కాల్చాలి. దీనిలో వాడే 4.5 మిల్లీమీటర్ల చిన్న గుండు, పెల్లెట్ అంటారు, నెమ్మదిగా పోతుంది, పోటీ పిస్టల్‌లోనైతే సెకనుకు సుమారు 150 మీటర్లు. అంటే ట్రిగ్గర్ విడిచాక కూడా అది బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. విడవగానే చేయి దించేసేవారిని అది క్షమించదు. తన్ను లేదు, పెద్ద శబ్దం లేదు, తప్పు మాత్రం కాగితం మీద దాక్కోదు. లైసెన్సు కష్టమైన చోట, రేంజ్ దూరమైన చోట దీనితోనే మొదలుపెట్టండి. కాలక్షేపం కోసం కాదు, నిజంగా నేర్చుకోవడానికి.

సైట్లలో, పైకీ కిందికీ పక్కలకూ తిప్పి సరిచేసుకునేవే తీసుకోండి. రెడ్ డాట్, అంటే చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్, గురించి అడుగుతారు. నలభై అయిదు దాటి ముందు సైట్ మసకబారుతున్నవారికి అది మంచి సాయం. కుర్రవాళ్లు మొదట మామూలు సైట్లతో నేర్చుకుంటే మేలని నా అభిప్రాయం. డాట్ వణుకుతూ కనిపిస్తుంటే కొత్తవారు దాన్ని వెంటాడుతారు.

పిస్టల్‌కు ఎంత ఖర్చు పెట్టాలో లెక్క వేసుకునేటప్పుడు చెవులకూ కళ్లకూ కొంత తీసి పక్కన పెట్టండి. .22 పిస్టల్ శబ్దం కూడా 140 డెసిబెళ్లు దాటుతుంది, 9 మిల్లీమీటర్లది 160 దాకా పోతుంది. 140 దాటిన హఠాత్ శబ్దం ఒక్కటి చాలు వినికిడికి దెబ్బ తగలడానికి. పోయిన వినికిడి తిరిగి రాదు. నాలుగు గోడల మధ్య రేంజ్ అయితే లోపల ఇయర్ ప్లగ్గులు, పైన ఇయర్ మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. కళ్లకు పాలికార్బొనేట్ అద్దాలు. పేలిన తూటాల ఖాళీ తొడుగులు, ఖోకాలంటారు, వేడిగా ఎగిరి కాలరులో పడతాయి, మెడ దగ్గర మూసుకునే చొక్కా వేసుకోండి. వేడి ఖోకా వీపు మీద పడితే మనిషి పిస్టల్‌తో సహా తిరుగుతాడు, అదీ అసలు ప్రమాదం. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ తినకండి, చేతికి అంటుకునేది సీసం. చివరిగా తాళమున్న పెట్టె. పిస్టల్ ఒకచోట, తూటాలు ఇంకోచోట, తాళం చెవులు పిల్లలకు తెలియని చోట. 'మా పిల్లలు బుద్ధిమంతులు' అనే మాట ఇక్కడ చెల్లదు.

నేను చెప్పదలుచుకున్నది అయింది. ఇక మీరు అడగండి.

ప్రశ్న: వాడిన పిస్టల్ కొనవచ్చా?

కొనవచ్చు. .22 బ్యారెల్ త్వరగా అరిగేది కాదు, కాబట్టి ఎక్కువగా కాల్చిన దానికన్నా, తుడవకుండా వదిలేసిన దాన్ని చూసి భయపడండి. ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, విప్పించి, వెనకనుంచి వెలుతురు పెట్టి బ్యారెల్ లోపల చూడండి. ఎక్కడైనా నల్లటి ఉంగరంలా కనిపిస్తే అక్కడ ఉబ్బి ఉండవచ్చు, వద్దనేయండి. రివాల్వర్ అయితే హ్యామర్ లాగినప్పుడు సిలిండర్ కదలకుండా బిగుసుకోవాలి. మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, వంగి ఉంటే తూటాలు ఇరుక్కుంటాయి, కొత్త మ్యాగజైన్లు ఇంకా దొరుకుతున్నాయో లేదో కొనక ముందే కనుక్కోండి. చట్టం ప్రకారం పేరు మార్పిడి పూర్తయ్యాకే ఇంటికి తెచ్చుకోండి.

ప్రశ్న: మా ఆవిడకు కూడా నేర్పిద్దామనుకుంటున్నాను. ఆమె చేతులు చిన్నవి. ఆమె కోసం ఏది కొనమంటారు?

ఆమె వచ్చారా ఇక్కడికి? రాలేదా? అయితే ఏదీ కొనకండి. మీరు ఆమె కోసం ఎంచితే తప్పకుండా తేలికైనదీ బుల్లిదీ ఎంచుతారు. ఇంతసేపూ నేను వద్దన్నది అదే. ఆమెనే రేంజ్‌కు తీసుకురండి, క్లబ్బు పిస్టళ్లు నాలుగైదు కాల్చనివ్వండి. చేయి చిన్నదైతే చూడాల్సింది పిడి చుట్టుకొలత, ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం. బ్యారెల్ పొడవు తగ్గించడం కాదు. ఇంకో మాట, నేర్పించే పని కూడా మీరు కాకుండా కోచ్‌కు వదిలేయండి. కాపురాలు నిలబడతాయి.

ప్రశ్న: ఇంట్లో తూటాలు లేకుండా ట్రిగ్గర్ నొక్కుతూ సాధన చేయవచ్చా? పిస్టల్ పాడవుతుందంటున్నారు.

మంచి ప్రశ్న. చేయవచ్చు, చేయాలి కూడా. తూటా పేల్చి నేర్చుకునే దానికన్నా దీనితో నేర్చుకునేదే ఎక్కువ. కానీ .22లో జాగ్రత్త ఉంది. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ తూటా అంచును కొట్టేలా తయారైంది కదా, తూటా లేకపోతే అది నేరుగా ఛాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, అంచు ఉక్కును కొట్టవచ్చు. కొన్ని మోడళ్లలో అలా తగలకుండా అడ్డు పెడతారు, కొన్నిటిలో పెట్టరు. పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చూడండి. అనుమానం ఉంటే డమ్మీ తూటా పెట్టుకుని చేయండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, పక్క గదిలో తాళం వేసి ఉండాలి. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి, వెనక గట్టి గోడ ఉన్న వైపే పట్టుకోండి. వీలైతే ముందు సైట్ మీద ఒక చిన్న నాణెం నిలబెట్టి నొక్కండి. పడకుండా వరసగా పది సార్లు నొక్కగలిగాక రేంజ్‌కు వెళ్లి ఇందాకటి డమ్మీ పరీక్ష మళ్లీ చేయించుకోండి. సాధన అయ్యాక 'ఇంకొక్కసారి' అని మాత్రం అనకండి. తూటాలు తిరిగి పెట్టెలో సర్దే వేళకు పిస్టల్ అప్పటికే తాళంలో ఉండాలి. అనుకోకుండా పేలేది ఆ ఇంకొక్కసారిలోనే.